పట్టేసిన భుజం వెంట నడిచినవాళ్ళు

అమ్మకి యాభై రెండో ఏట కుడి భుజం పట్టేసింది. మొదట్లో ఎవరం పట్టించుకోలేదు. రాత్రి ఆ పక్కకి ఒత్తిగిలితే చాలు, మెలకువ వచ్చేసేది. రెండు నెలలు తిరిగేసరికి జడ వేసుకుందామంటే చెయ్యి తల వెనక్కి పోలేదు. జాకెట్టు తొడుక్కునేటప్పుడు ముందు నొప్పి చెయ్యి, తర్వాత మంచి చెయ్యి. విప్పేటప్పుడు ముందు మంచి చెయ్యి. ఈ వరస తనకు తానే కనిపెట్టుకుంది. ఒకరోజు అటక మీది డబ్బా కోసం చెయ్యి చాపి, బాధతో అక్కడే కూలబడింది. ఎక్స్‌రే తీయించాం. ఎముకలు శుభ్రంగా ఉన్నాయన్నారు.

"ఎముకలు బాగానే ఉంటే చెయ్యెందుకు లేవడం లేదురా?" అంది అమ్మ.

ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతకడానికి వైద్యులకు డెబ్బై ఏళ్ళకు పైగా పట్టిందని నాకు తర్వాత తెలిసింది. అమ్మకి వచ్చిన ఈ జబ్బును ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. దాని కథలో రాత్రికి రాత్రి దొరికిన మందేదీ లేదు. ఆ కథను ముందుకు నడిపింది ఒక అలవాటు: రోగి గుమ్మం దాటి వెళ్ళిపోయాక కూడా నెలల తరబడి, ఏళ్ళ తరబడి "ఇప్పుడెలా ఉంది?" అని అడగడం.

పేరు లేని రోజులు

భుజం పట్టేయడం కొత్త జబ్బు కాదు. సుశ్రుత సంహిత వాతవ్యాధుల్లో అవబాహుకం ఒకటి. భుజంలో చేరిన వాతం అక్కడి బంధాలను ఎండగట్టి, సిరలను కుంచింపజేసి చేతిని కదలనివ్వదని దాని లక్షణం చెప్పారు. జపాన్‌లో దీన్ని గోజూకాత అంటారు. అంటే యాభయ్యేళ్ళ భుజం. మన ఇళ్ళలో "భుజం పట్టేసింది", "రెక్క లేవట్లేదు" అంటాం. ఏ వయసులో వస్తుందో జపాన్ వాళ్ళు గమనించారు, ఎలా ఉంటుందో మనవాళ్ళు గమనించారు. లోపల ఏం జరుగుతోందన్నది మాత్రం ఎవరూ చూడలేదు.

ఆధునిక వైద్యంలో ఈ కథ 1872లో మొదలైంది. ఫ్రాన్స్‌కు చెందిన సైమన్ ఇమ్మాన్యుయెల్ డుప్లే అనే సర్జన్ ఆ ఏడాది ఒక వ్యాసం రాశాడు. అప్పటికి ఎక్స్‌రే లేదు; అది 1895లో గానీ రాలేదు. భుజం నొప్పిగా, బిర్రుగా ఉందంటే కీలు అరిగిపోయిందనో, కీళ్ళవాతమనో తేల్చేసే రోజులవి. డుప్లే ఆ మాట ఒప్పుకోలేదు. చాలామందిలో కీలు బాగానే ఉంది, దాని చుట్టూ ఉన్న మెత్తని కణజాలం వాచి అతుక్కుపోతోంది అన్నాడు. దానికి ఆయన పెట్టిన పేరుకు అర్థం "భుజం కీలు చుట్టూ వాపు". ఇవాళ్టికీ మన ఊళ్ళలో పాత డాక్టర్లు చీటీ మీద "పెరిఆర్థరైటిస్" అని రాస్తారు. ఆ మాట డుప్లే నుంచి వచ్చిందే.

అసలు చోటు మాత్రం ఆయనకు సరిగ్గా చిక్కలేదు. భుజం పైకప్పు ఎముక కింద ఉండే చిన్న నీటితిత్తిలోనే తంటా అంతా ఉందనుకున్నాడు. మత్తిచ్చి చేతిని గట్టిగా తిప్పితే అతుకులు తెగిపోతాయని చెప్పాడు. జబ్బు కీలు బయట ఉందని గుర్తించడం పెద్ద అడుగే. కానీ ఆ తర్వాత అరవై ఏళ్ళ పాటు ఎక్కడ ఏ భుజం నొప్పి పుట్టినా డాక్టర్లు పెరిఆర్థరైటిస్ అనే సంచిలోనే వేసేశారు.

ఆఖరి ఫలితం అడిగిన డాక్టరు

ఆ సంచిని విప్పి, రకరకాల నొప్పుల్ని విడివిడిగా పేర్చినవాడు బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ అమరీ కాడ్‌మన్. 1869లో పుట్టాడు. ఆయనను అర్థం చేసుకోవాలంటే ముందు ఆయన మొండితనాన్ని చూడాలి.

హార్వర్డ్‌లో వైద్యం చదువుతున్న రోజుల్లోనే కాడ్‌మన్, ఆయన సహాధ్యాయి హార్వీ కుషింగ్ కలిసి ఈథర్ మత్తు ఇచ్చేటప్పుడు రోగి నాడి, ఊపిరి ఎలా మారుతున్నాయో కాగితం మీద రాసిపెట్టడం మొదలుపెట్టారు. ఆపరేషన్ బల్ల దగ్గర అలాంటి లెక్క ఉంచడం అప్పటికి ఆనవాయితీ కాదు. తర్వాత మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో సర్జన్ అయ్యాక ఆ అలవాటు ఇంకా ముదిరింది. ప్రతి రోగికీ ఒక కార్డు ఉండాలి. వచ్చినప్పుడు బాధేమిటి, మనం ఏం చేశాం, ఏడాది తర్వాత ఎలా ఉన్నాడు, బాగుపడకపోతే ఎందుకు బాగుపడలేదు అన్నీ దాని మీద రాయాలి. ఈ పద్ధతికి ఆయన పెట్టిన పేరు "ఎండ్ రిజల్ట్ ఐడియా". ఆఖరి ఫలితం చూడాలనే ఆలోచన.

ఇవాళ ఇది చాలా మామూలుగా వినిపిస్తుంది. ఆనాడు గొడవ లేచింది. ఎవరి తప్పులు వాళ్ళు రాసి బయటపెట్టాలంటే పెద్ద సర్జన్లకు నచ్చుతుందా? పదవులు పనితనాన్ని బట్టి కాక వయసు వరసను బట్టి ఇస్తున్నారని నిరసించి కాడ్‌మన్ 1914లో ఆ ఆసుపత్రికి రాజీనామా చేశాడు. 1915 జనవరిలో బోస్టన్ వైద్యుల సభలో ఒక పెద్ద వ్యంగ్య చిత్రం విప్పి చూపించాడు. నగరంలోని సంపన్నులు ఇసుకలో తల దూర్చిన నిప్పుకోడిలా, డాక్టర్ల రాబడికి బంగారు గుడ్లు పెడుతున్నట్టు అందులో ఉంది. సభ అట్టుడికిపోయింది. స్నేహితులు దూరమయ్యారు, హార్వర్డ్‌లో ఉద్యోగం పోయింది.

అప్పటికే ఆయన సొంతంగా ఒక చిన్న ఆసుపత్రి పెట్టుకున్నాడు. 1911 నుంచి 1916 దాకా అక్కడ చికిత్స పొంది వెళ్ళిన 337 మంది వివరాలను సొంత ఖర్చుతో అచ్చు వేయించాడు. వాటిలో 123 పొరపాట్లు జరిగాయని తనే లెక్క తేల్చి రాశాడు. తన తప్పుల పట్టికను తనే పంచిపెట్టిన సర్జన్ అంటే నాకు ఎంతో గౌరవం. ఎందుకంటే ఫ్రోజెన్ షోల్డర్ అలాంటి మనిషికి మాత్రమే కనిపించగల జబ్బు. ఒక నెల చూస్తే అది భరించలేని నొప్పి. ఆరు నెలలకు చూస్తే నొప్పి తక్కువ, బిగుతు ఎక్కువ. రెండేళ్ళకు చూస్తే కోలుకుంటున్న చెయ్యి. ఒక్కసారి చూసి పంపేసిన డాక్టరుకు ఇవి మూడు వేర్వేరు జబ్బులు. వెంట నడిచినవాడికే ఒకటి.

1934: పేరు దొరికింది

కాడ్‌మన్ భుజాన్ని 1900ల తొలినాళ్ళ నుంచే చదువుతూ వచ్చాడు. భుజం పైన ఉండే సుప్రాస్పైనేటస్ అనే కండర స్నాయువు తెగిపోవడాన్ని గుర్తించి కుట్టి, 1911లో ఆ సంగతి ప్రకటించాడు. 1934లో తన అనుభవమంతా కలిపి "ద షోల్డర్" అనే పుస్తకం వేశాడు. ఫ్రోజెన్ షోల్డర్ అనే పేరు అందులోనే పుట్టింది.

ఆ పుస్తకంలో ఆయన చెప్పిన గుర్తులు చదువుతుంటే మా అమ్మను పక్కన కూచోబెట్టుకుని రాశాడా అనిపించింది. నొప్పి మెల్లగా మొదలవుతుంది. భుజం మీద కాకుండా జబ్బ మధ్యలో, టీకా వేసే చోట లాగుతుంది. ఆ పక్కకి పడుకోలేరు. చెయ్యి పైకి లేవదు, బయటికి తిరగదు. నొక్కితే పెద్దగా నొప్పి ఉండదు. ఎక్స్‌రేలో చెప్పుకోదగ్గదేమీ కనిపించదు. ఇది నిర్వచించడానికి, నయం చేయడానికి, వివరించడానికి కూడా కష్టమైన జబ్బని ఆయన దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. అయినా కార్డుల పుణ్యమా అని ఒక్క మాట ధైర్యంగా చెప్పగలిగాడు: ఎంత మొండికేసిన భుజమైనా రెండేళ్ళు అటూ ఇటూగా తిరిగి కదులుతుంది.

ఆయన పేరు మీద నిలిచిన వ్యాయామం కూడా చూడండి. నడుము వంచి, మంచి చేత్తో బల్ల అంచు పట్టుకుని, నొప్పి చేతిని వదిలెయ్యాలి. గిలక నుంచి వేలాడే చేదలా అది కిందికి దిగుతుంది. అప్పుడు ఒంటిని మెల్లగా ఊపితే చెయ్యి ముందుకీ వెనక్కీ, పక్కలకీ, చిన్న చిన్న సున్నాలు చుడుతూ ఊగుతుంది. నిలబడి చెయ్యి లేపాలంటే వాచిన భుజం కండరాలే ఆ బరువు మోయాలి, అవి బిగిస్తే నొప్పి. నడుము వంచితే చెయ్యి ఛాతీకి అడ్డంగా, లేపినప్పుడు ఉండాల్సిన చోటే ఉంటుంది. కానీ లేపింది కండరం కాదు, భూమి ఆకర్షణ. అందుకే ఆ భంగిమలో అమ్మ ముఖం ముడతలు విడిపోవడం నేను చూశాను. తొంభై ఏళ్ళు దాటినా ఈ ఊగుడు వ్యాయామం ప్రపంచమంతటా ఫిజియోథెరపిస్టులు ఇంకా నేర్పుతున్నారు.

కాడ్‌మన్ 1940లో పోయాడు. చాలా ఏళ్ళు ఆయన సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు. 2014లో సర్జన్లే పూనుకుని పెట్టించారు.

సంచి కుంచించుకుపోయింది

కాడ్‌మన్ కూడా ఒకచోట పొరబడ్డాడు. జబ్బు స్నాయువుల్లో ఉందనుకున్నాడు. అసలు చోటు 1945లో బయటపడింది. వాషింగ్టన్‌లో జూలియస్ నెవియాసర్ అనే సర్జన్ ఇలాంటి పది భుజాలను ఆపరేషన్‌లో తెరిచి చూశాడు. కీలును చుట్టి ఉండే పొర, అంటే క్యాప్సూల్, మందంగా, ఎర్రగా వాచి, కుంచించుకుని చేతి ఎముక తలకు అంటుకుపోయి ఉంది. చర్మానికి అంటించిన ప్లాస్టరు లాగితే ఎలా ఊడివస్తుందో అలా ఊడి వస్తోంది. ఆయన దానికి అడ్హెసివ్ క్యాప్సులైటిస్ అని పేరు పెట్టాడు.

అమ్మ ప్రశ్నకు జవాబు ఇదే. భుజం కీలు ఒంట్లో అన్నిటికన్నా స్వేచ్ఛగా తిరిగే కీలు. ఆ స్వేచ్ఛ కోసం దాని చుట్టూ ఉన్న పొర వదులుగా, చంక వైపు మడతలు పడి వేలాడుతూ ఉంటుంది. చెయ్యి లేపితే ఆ మడత విప్పుకుంటుంది. ఉతికాక కుంచించుకుపోయిన జాకెట్టు తొడుక్కున్నామనుకోండి. చేతిలో లోపం లేకపోయినా చంక దగ్గర బట్ట పట్టేసి చెయ్యి లేవదు. ఈ జబ్బులో ఒంటి లోపలి జాకెట్టే కుంచించుకుపోతుంది. ఎక్స్‌రే ఎముకల్ని చూపిస్తుంది గానీ బట్టను చూపించదు. 1962లో నెవియాసర్ కీలులోకి రంగుమందు ఎక్కించి ఫోటోలు తీసి ఈ మాటను రుజువు చేశాడు. మామూలు భుజంలో హాయిగా పట్టేంత ద్రవం ఈ భుజాల్లో పట్టలేదు. తరచు పది మిల్లీలీటర్లు ఎక్కడమే కష్టం.

ఆ తర్వాత సూక్ష్మదర్శిని వంతు. 1995లో ఇంగ్లండ్‌లో టిమ్ బంకర్, ఆంథనీ అనే ఇద్దరు, ఏ చికిత్సకూ లొంగని 12 మంది భుజాల్లోంచి తీసిన కణజాలాన్ని పరిశీలించారు. పుండు మానేటప్పుడు మచ్చ కట్టించే కణాలే అక్కడ గుంపులు కట్టి ఉన్నాయి. అరచేతిలో గట్టి పోగులు ఏర్పడి వేళ్ళు ముడుచుకుపోయే డుపుయిట్రన్ జబ్బులోనూ ఇవే కణాలుంటాయి. అంటే ఎవరూ కొయ్యని చోట ఒళ్ళు తనకు తానే మచ్చ కడుతోందన్నమాట. మచ్చ కట్టడానికి కొంత కాలం, కుదురుకోవడానికి కొంత కాలం, మెత్తబడడానికి కొంత కాలం పడుతుంది. ఈ జబ్బు ఎందుకంత నిదానంగా నడుస్తుందో అర్థం చేసుకోవడానికి అది మంచి తాళంచెవి.

రెండేళ్ళ లెక్క, చక్కెర లెక్క

కాడ్‌మన్ అలవాటును మళ్ళీ చేతపట్టినవాడు రీవ్స్ అనే వైద్యుడు. 41 మంది రోగులను అయిదు నుంచి పదేళ్ళ దాకా వెంట ఉండి చూసి, 1975లో జబ్బు నడకను మూడు దశలుగా చెప్పాడు. నొప్పి దశ పది నుంచి ముప్పై ఆరు వారాలు. బిగుసుకుపోయిన దశ నాలుగు నుంచి పన్నెండు నెలలు. వదిలే దశ అయిదు నెలల నుంచి రెండేళ్ళ దాకా. మొత్తం సగటున ముప్పై నెలలు. బిగుసుకుపోయిన దశ ఎంత పొడుగైతే వదిలే దశా అంత పొడుగవుతుందని కూడా గమనించాడు.

కాడ్‌మన్ ఆశను సరిదిద్దింది కూడా కాడ్‌మన్ పద్ధతే. 1992లో అమెరికాలో 62 మందిని సగటున ఏడేళ్ళ తర్వాత మళ్ళీ పిలిచి చూశారు. వాళ్ళలో సగం మందికి కొద్దిపాటి నొప్పో, బిగుతో ఇంకా మిగిలే ఉంది. చాలామందికి రోజువారీ పనులకు అదేమీ అడ్డు రాలేదు. కాబట్టి "దానంతట అదే పూర్తిగా పోతుంది" అనడం తప్పు. "చాలావరకు తిరిగొస్తుంది, కొంత మిగలొచ్చు" అనడం నిజం. రోగికి ఈ నిజం చెప్పాలి.

ఎవరికి వస్తుందన్న లెక్క మన ఇళ్ళకు మరీ ముఖ్యం. 1972లో బ్రిడ్జ్‌మన్ అనే వైద్యుడు 800 మంది మధుమేహ రోగుల్నీ, మధుమేహం లేని 600 మందినీ పరీక్షించాడు. షుగరు ఉన్నవాళ్ళలో 10.8 శాతం మందికి, లేనివాళ్ళలో 2.3 శాతం మందికి ఈ భుజం జబ్బు కనిపించింది. రక్తంలో ఎక్కువైన చక్కెర కొల్లాజెన్ పోగులకు అంటుకుని వాటిని బిరుసెక్కిస్తుందని ఒక వివరణ. థైరాయిడ్ తేడాలున్నవాళ్ళకూ, నలభై నుంచి అరవై మధ్య వయసు ఆడవాళ్ళకూ, దెబ్బ తగిలాకో ఆపరేషన్ అయ్యాకో పక్షవాతం వచ్చాకో చెయ్యి చాలాకాలం కదపనివాళ్ళకూ ఇది ఎక్కువ.

మా అమ్మను చూసిన ఎముకల డాక్టరు భుజం ముట్టుకునే ముందే షుగరు పరీక్ష రాశారు. అంతవరకూ ఇంట్లో ఎవరికీ తెలియని మధుమేహం ఆ భుజం పుణ్యాన బయటపడింది.

బలమా, నిదానమా

డాక్టరు దగ్గరికి వెళ్ళకముందు ఒక తప్పు చేశాం. నరం సరిచేస్తానన్న ఒకాయన దగ్గరికి అమ్మను తీసుకెళ్ళాం. ఆయన చెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ఆ తర్వాత మూడు వారాలు అమ్మ నిద్రపోలేదు. ఆ రాత్రుల సంగతి గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

గుంజడం ఎందుకు తప్పో నెదర్లాండ్స్‌లో డీర్క్స్, స్టీవెన్స్ 2004లో చూపించారు. 77 మందిని రెండు గుంపులుగా చూశారు. ఒక గుంపుకు నొప్పి హద్దు దాటినా సరే లాగి సాగదీసే గట్టి ఫిజియోథెరపీ. రెండో గుంపుకు జబ్బు గురించి వివరంగా చెప్పి, నొప్పి ఓర్చుకోగలిగినంత వరకే కాడ్‌మన్ ఊగుడు, చిన్న వ్యాయామాలు. రెండేళ్ళ తర్వాత నిదానంగా చేసిన గుంపులో 89 శాతం మంది భుజం దాదాపు మామూలు స్థితికి వచ్చింది. గట్టిగా లాగిన గుంపులో 63 శాతమే. వాచి ఉన్న పొరను రెచ్చగొడితే అది ఇంకా మచ్చ కడుతుంది.

నొప్పి దశలో కీలులోకి స్టిరాయిడ్ ఇంజెక్షన్ వేస్తే కొన్ని వారాలు, నెలలు ఉపశమనం దొరుకుతుంది. కీలులోకి ద్రవం ఎక్కించి కుంచించుకున్న సంచిని ఉబ్బించే పద్ధతిని స్వీడన్ వైద్యులు 1965లోనే రాశారు. మత్తిచ్చి చెయ్యి తిప్పడం ఉంది, చిన్న రంధ్రాల ఆపరేషన్‌తో పొరను విడదీయడం ఉంది. ఏది మేలు? 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చిన యూకే ఫ్రాస్ట్ అధ్యయనం దీన్నే అడిగింది. బ్రిటన్‌లో 35 ఆసుపత్రులు, 503 మంది రోగులు. మత్తిచ్చి తిప్పడం, ఆపరేషన్, ఇంజెక్షన్‌తో కూడిన పద్ధతి ప్రకారం చేసే ఫిజియోథెరపీ, ఈ మూడింటినీ ఏడాది పాటు పోల్చారు. రోగి రోజువారీ జీవితంలో తేడా తెచ్చేంతగా ఏదీ మిగతావాటిని మించలేదు. ఆపరేషన్‌లో అపాయాలు ఎక్కువగా కనిపించాయి. కాబట్టి తేలిక దారితో మొదలుపెట్టి, నెలలు గడిచినా లొంగకపోతేనే తర్వాతి మెట్టు ఎక్కడం న్యాయం.

మీ ఇంట్లో ఎవరికైనా భుజం పట్టేస్తే చెయ్యాల్సినవి కొన్నే. ముందు డాక్టరుకు చూపించండి. పడ్డాక వచ్చిన నొప్పి, జ్వరంతో వచ్చిన వాపు, ఛాతీ బరువుతో ఎడమ చేతికి పాకే నొప్పి వేరే సంగతులు. వాటికి ఆలస్యం పనికిరాదు. షుగరు, థైరాయిడ్ చూపించుకోండి. షుగరు ఉన్నవాళ్ళు స్టిరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుంటే కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది, ముందే డాక్టరుతో చెప్పండి. చేతిని మెడకు కట్టి వేలాడదీయకండి. అలాగని ఎవరి చేతా గుంజించకండి. వేడి కాపడం పెట్టుకుని, రోజూ కొద్ది కొద్దిగా, ఒకటికి నాలుగుసార్లు కదిలించండి.

మా ఇంట్లో వంటింటి ద్వారబంధం మీద పెన్సిలు గీతలున్నాయి. ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పినట్టు అమ్మ రోజూ వేళ్ళను గోడ మీద సాలీడులా పైకి పాకించేది. ప్రతి ఆదివారం ఎక్కడిదాకా అందాయో నేను గీత గీసి తేదీ వేసేవాణ్ణి. మొదటి గీత అమ్మ రొమ్ము ఎత్తులో ఉంది. తర్వాతి నాలుగు నెలల గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "ఇంక ఇంతేనేమోరా" అంది ఒకరోజు. రీవ్స్ లెక్క చెప్పాను. నొప్పి పోయింది కదా, ఇది మధ్య దశ అన్నాను. ఎనిమిదో నెలలో గీతలు విడివడ్డాయి. ఇరవై రెండో నెలకు చివరి గీత తలుపు పైకమ్మీ దగ్గరికి చేరింది. వీపు వెనక్కి చెయ్యి ఇప్పటికీ కాస్త తక్కువే పోతుంది.

మొన్న సంక్రాంతికి రంగులు వేయించాం. పెయింటరు ఆ ద్వారబంధం దగ్గరికి రాగానే అమ్మ లేచి వెళ్ళి, కుడి చెయ్యి పైకెత్తి పై గీత మీద వేలు పెట్టి చెప్పింది: "ఇక్కడ్నించి కిందకి వెయ్యకు నాయనా."